బావ అమ్మని మిర్చి

కొత్తగా బ్యాంకులో చేరి మా జిల్లాలో పోస్టింగ్ పడ్డ పిల్లలు ఈమధ్య మా ఇంటికి వస్తున్నారు. "మీ అనుభవం చెప్పండి సార్" అంటారు. అనుభవమంటే వాళ్ళ ఉద్దేశం ప్రమోషన్ పరీక్ష గట్టెక్కే చిట్కాలు. అవి నాకు తెలియవు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నాకు వచ్చినవి రెండే ప్రమోషన్లు. మొదటిది సీనియారిటీ వల్ల, రెండోది మా పై ఆయన నన్ను ఆ బ్రాంచి నుంచి వదిలించుకోవాలనుకోవడం వల్ల. అందుకని ఆ కబుర్లు పక్కనపెట్టి, వ్యవసాయ అధికారిగా నేను చేసిన ఒక వెధవ పని గురించి చెప్తాను. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఏమన్నా ఉంటే అది ఆ పని వల్లనే.

ఆరో ప్రశ్న

మీరు చేరగానే మీ చేతికి ఒక ఫారం ఇస్తారు. డబ్బు మదుపు చేయడానికి వచ్చినవాడు ఎంత నష్టానికి తట్టుకోగలడో కొలిచే ఫారం అది. పది ప్రశ్నలుంటాయి. ఆరోది ఇది: మీరు పెట్టిన సొమ్ము నెలరోజుల్లో పావు వంతు తగ్గితే ఏం చేస్తారు? వెంటనే తీసుకుంటారా, ఆగి చూస్తారా, ఇంకొంచెం పెడతారా? టిక్కులన్నీ కూడితే ఆ మనిషి పిరికివాడో, మధ్యస్థుడో, ధైర్యవంతుడో తేలిపోతుంది. ఈ ఫారం తయారు చేసినవాడికి బావలుగానీ బావమరదులుగానీ లేరని నా గట్టి నమ్మకం.

ముదిగొండ దగ్గరి బ్రాంచిలో ఉండగా వెంకటేశ్వర్లు అనే రైతును కూర్చోబెట్టి ఈ ఫారం నింపాను. వాళ్ళ తాతలు నల్లరేగడి భూమి వెతుక్కుంటూ కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆరెకరాలు సొంతం, పదెకరాలు కౌలు, మొత్తం మిర్చే. తెగులు రావచ్చు, కల్లంలో ఎండబోసిన కాయ మీద వాన పడవచ్చు, ధర పడిపోవచ్చు. ఇవన్నీ తెలిసీ ఏటా ఉన్నదంతా ఊడ్చి మిర్చి మీదే పెడతాడు. అంతటి మనిషిని నెలకు వెయ్యి రూపాయలు మ్యూచువల్ ఫండులో వెయ్యమంటే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"అమ్మో, గది జూదం సార్! మా ఇంటా వంటా లేదు."

అంతకు ముందు వారమే కోడిపందెంలో ఏం పోగొట్టుకున్నాడో ఊరంతా తెలుసు. ఆ మాట ఎత్తకుండా ఆరో ప్రశ్న చదివి వినిపించాను. ఆలోచించలేదు కూడా.

"మా బావేం జేస్తే నేను గదే జేస్త. గది ఉన్నదా మీ కాయితంల?"

లేదు. నవ్వుకుని 'ఆగి చూస్తాను' దగ్గర టిక్కు పెట్టాను.

ఇద్దరూ మునిగిన సంవత్సరం

ఆ బావ పేరు సుబ్బారావు. పక్క ఊళ్ళోనే ఉంటాడు, వెంకటేశ్వర్లు కంటే పదేళ్ళు పెద్ద. ఆయన భార్య కమలమ్మ వెంకటేశ్వర్లుకు అక్క. వీళ్ళ తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమే. పెళ్ళై అత్తగారింటికి వెళ్తూ వాణ్ణి కూడా వెంట తీసుకెళ్ళిందని, వాడు పదో తరగతి దాకా బావ పళ్ళెంలోనే తిన్నాడని అక్కడివాళ్ళు చెప్పేవారు.

మిర్చి సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. కోసి ఎండబెట్టిన కాయను ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో దాచుకుంటారు. రైతులు దాన్ని 'ఏసీ' అంటారు. ఇంట్లో ఫ్యానుకు రెక్క ఊడిపోయినా మిర్చికి మాత్రం ఏసీ ఉంటుంది. రోజూ పొద్దున ఖమ్మం మార్కెట్లో మేలైన సరుకుకు మొదట వేలం వేస్తారు, దాన్ని జెండాపాట అంటారు. ఆ ధర ఎనిమిదింటికల్లా అందరి ఫోన్లలోకి వచ్చేస్తుంది. దాన్ని చూసుకుని అమ్మాలా, ఆగాలా అనేది తేల్చుకోవాలి.

ఆ ఏడు ధర రోజురోజుకీ పెరిగింది. బావాబావమరదుల సరుకు ఒకే ఏసీలో ఉంది. ఇద్దరి ఖాతాలూ నా దగ్గరే ఉన్నాయి. వెంకటేశ్వర్లును అడిగితే "బావ ఇంక అమ్మలే సార్" అనేవాడు. సుబ్బారావును అడిగితే "మావోడు ఉంచిండు గద, తొందరేముంది" అనేవాడు. ఇద్దరికీ అమ్మాలనే ఉంది. ఒకరినొకరు అడగరు. ఎందుకంటే ఒకడు అమ్మమంటే అవతలివాడు అమ్మి, ఆ మర్నాడు ధర పెరిగితే ఆ మాట చచ్చేదాకా పడాలి. అందుకని రోజూ సాయంత్రం కలుసుకుని తెగుళ్ళ గురించీ రాజకీయాల గురించీ మాట్లాడుకునేవారు, మిర్చి అమ్మకం ఊసు మాత్రం ఎత్తేవారు కాదు.

ఒకరి సంగతి రెండోవారికి చెప్పకూడదని బ్యాంకు నియమం. నేను పాటించాను. నా సర్వీసులో నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించిన సందర్భాలు తక్కువ, పాటించినప్పుడల్లా ఎవరో ఒకరు మునిగారు. వేసవి దాటకముందే ధర విరిగింది. ఇద్దరూ సగానికి అమ్ముకున్నారు.

పరామర్శకని ముఖం వేలాడేసుకుని సుబ్బారావు ఇంటికి వెళ్ళాను. బావాబావమరదులు ఒకే మంచం మీద కూర్చుని చేపల పులుసుతో అన్నం తింటున్నారు. ఏదో మాటకు పొలమారేలా నవ్వుతున్నారు. కమలమ్మ నాకూ కంచం పెట్టింది.

"ఏం జేస్తం సార్, మునిగినం. రెండిండ్లోళ్ళం ఒక్కతీరే మునిగినం గద, ఇగ మాట పడేది లేదు" అంది.

ఇంత తెలివితక్కువ కుటుంబాన్ని నేనెక్కడా చూడలేదనుకుంటూ రెండుసార్లు పులుసు వడ్డించుకుని తిని వచ్చాను.

మా మేనేజరు చైతన్య సదస్సు

అప్పటి మా మేనేజరుకు ఒక పిచ్చి ఉండేది. జనం నష్టపోవడానికి కారణం అజ్ఞానమేనని, తెరమీద బొమ్మలు వేసి చూపిస్తే పోతుందని ఆయన నమ్మకం. రైతులందరినీ పిలిచి సమోసాలు పెట్టి రెండు గంటలు చెప్పాడు. మంద వెనకాల పోకూడదు, పక్కవాణ్ణి చూసి నిర్ణయం తీసుకోకూడదు, ఎవరి లెక్క వాళ్ళే వేసుకోవాలి. అంతా అయ్యాక వెనక వరసలోంచి వెంకటేశ్వర్లు లేచాడు.

"మంచిగ చెప్పిండ్రు సార్. మరి మీ పైసలు ఎక్కడ పెట్టిండ్రు?"

మేనేజరు ఇంకోసారి సమోసాలు పంచమన్నాడు. సంగతేమిటంటే వైరా రోడ్డు పక్కన ఒక వెంచర్లో మా క్యాషియర్ ప్లాటు కొన్నాడు. క్యాషియర్ కొన్నాడని మేనేజరు కొన్నాడు. మేనేజరు కొన్నాడని నేను కొన్నాను. మా అటెండరు కూడా మూల బిట్టు ఒకటి కొన్నాడు. ఒక్కరం కూడా కాగితాలు సరిగ్గా చూడలేదు, ఎవరికి వాళ్ళం పక్కవాడు చూసే ఉంటాడనుకున్నాం. ఆ ప్లాట్లు చెరువు శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్ళు నిలిచే చోట ఉన్నాయని తర్వాత తెలిసింది. వానాకాలం వస్తే నా ప్లాటులో కొంగలు దిగుతాయి. ఇప్పటికీ అందులో అంగుళం కూడా అమ్ముడుపోలేదు. అయితే ఒకటి చెప్పాలి, ఆ తర్వాత మా బ్రాంచి అంత ఐకమత్యంగా ఎప్పుడూ లేదు.

అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు.

నా తెలివి

మరుసటి ఏడు కూడా ధర అలాగే లేచింది. సుబ్బారావు ఈసారి కౌలు ఎక్కువ తీసుకున్నాడు. ఈసారి కూడా దెబ్బ తింటే ఎకరమో, ఎకరన్నరో అమ్ముకోక తప్పదని నాకు తెలుసు. ఇద్దరూ మళ్ళీ ఒకరి కోసం ఒకరు కాచుకుని ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది. జాలి కూడా వేసింది. రెండిటి మధ్యలో ఇంకో దురద కూడా ఉంది, దాస్తే పాపం. రైతుల అలవాటు మార్చిన అధికారుల గురించి మా రీజనల్ ఆఫీసు పత్రికలో ఫొటోతో వేస్తున్నారు. ఆ ఫొటోకి ఏ చొక్కా వేసుకోవాలో కూడా ఆలోచించుకున్నాను.

ఉపాయం సులువైనది. వెంకటేశ్వర్లుకు బావ అమ్మాడని చెప్పాలి. సుబ్బారావుకు బావమరిది అమ్మాడని చెప్పాలి. ఇద్దరూ మంచి ధరకు అమ్ముకుంటారు, తర్వాత తెలిసినా నవ్వుకుంటారు.

ఒక సాయంత్రం వెంకటేశ్వర్లు కల్లానికి వెళ్ళి, వేరే ఏదో మాట్లాడుతూ అన్నాను: "మీ బావ అమ్మేశాడు గదా."

టార్పాలిన్ పట్టా మడుస్తున్నవాడు ఆగిపోయాడు. "ఎప్పుడు?"

"నిన్న."

"నాకు చెప్పకుంటనా?"

నేను భుజాలు ఎగరేశాను. బావకు ఫోన్ చేసి అడుగుతాడేమోనని లోపల భయపడ్డాను. అడగలేదు. అంత రోషం వచ్చింది మనిషికి. మర్నాడు పొద్దున్నే ఏసీలోంచి సరుకు తీయించి మొత్తం అమ్మేశాడు. సాయంత్రాలు బావ దగ్గరికి వెళ్ళడం కూడా మానేశాడు. మంచి ధర వచ్చింది.

సగం పని అయిందని సంబరపడుతూ సుబ్బారావు దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు నేను చెప్పబోయేది అబద్ధం కూడా కాదు.

"మీ బావమరిది నిన్ననే అమ్మేశాడు సుబ్బారావు గారూ."

ఆయన బీడీ వెలిగించుకుంటున్నాడు. అగ్గిపుల్ల ఆర్పి నా వైపు జాలిగా చూశాడు.

"ఎవరు, మావోడా? నాకు చెప్పకుంట వాడు ఒంటికి గూడ పోడు సార్. మీకెవరో తప్పు చెప్పిండ్రు."

నిజమే అన్నాను. రశీదు చూశానన్నాను. నవ్వి, చాయ్ తాగి పొమ్మన్నాడు. పది రోజులకు ధర విరగడం మొదలైంది, నెల తిరిగేసరికి పాతాళానికి పోయింది. బావమరిది సరుకు ఇంకా ఏసీలోనే ఉందనే ధైర్యంతో ఆయన కడదాకా ఉంచాడు. ఎకరన్నర అమ్ముకున్నాడు.

"నేను నమ్మలే"

ధర పడేదాకా బావ సరుకు ఏసీలోనే ఉండిపోయిందని వెంకటేశ్వర్లుకు తెలిసిన రోజు బ్యాంకుకు వచ్చాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"బండెక్కుండ్రి సార్. మా బావకు మీరే చెప్పుండ్రి."

సుబ్బారావు ఇంటి ముందు దిగగానే, "ఈ సారు చెప్పిండు బావ, నువ్వు అమ్మినవని. గందుకే అమ్మిన. లేకుంటే నిన్ను ఇడిచి అమ్ముదునా?" అన్నాడు.

నేను తల వంచుకుని అంతా ఒప్పుకున్నాను. తప్పు నాదేనని, ఇద్దరి మంచి కోసమే అబద్ధమాడానని చెప్పాను. ఆ మాటతో సమస్య తీరిపోతుందనే అనుకున్నాను. అబద్ధం చెప్పినవాడు దొరికాడు, ఇద్దరూ కలిసి నన్ను తిట్టుకుంటే సరిపోతుంది.

సుబ్బారావు నన్ను తిట్టలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు.

"ఈ సారు నాకు గూడ చెప్పిండురా, నువ్వు అమ్మినవని. నేను నమ్మలే."

వెంకటేశ్వర్లు లాభంలో సగం నీదే బావా అని ఏదో అనబోయాడు. సుబ్బారావు లేచి దొడ్లోకి వెళ్ళిపోయాడు. గడపలో నిలబడి వింటున్న కమలమ్మ తమ్ముణ్ణి ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది. మంచినీళ్ళు కూడా తేలేదు.

ఆ ఆగస్టులో రాఖీ పున్నమికి ఆమె రాలేదు. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి అది మొదటిసారట. రాఖీకని వేసుకున్న చొక్కా సాయంత్రం దాకా మార్చుకోకుండా అరుగు మీద కూర్చున్నాడని మా క్లర్కు చెప్పాడు. అప్పటికే నాకు బదిలీ అయింది. నా ఉద్యోగంలో ఒక రైతుకు చేయించిన మంచి లాభం అదొక్కటే, దాని వల్ల అతనికి తల్లిలాంటి అక్క పోయింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

కలిపిన విత్తనాలు

బదిలీ భద్రాచలం అవతల పర్ణశాల దాటాక అడవి అంచు బ్రాంచికి. అక్కడి గూడేల్లో పొదుపు సంఘాల ఖాతాలు చూసేవాణ్ణి. ఒక సంఘానికి పెద్ద ముత్తమ్మ. కొడుకు గవర్నమెంటు టీచరు, ఆమెకు మూడెకరాలు. నేను ఎప్పుడు ఏ పథకం గురించి చెప్పినా "అందరం కూసొని చెప్తం" అనేది. వెనక ఉన్న ఆడవాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అని నవ్వేవారు. నన్నే అంటున్నారని అర్థమయ్యేది, ఏమంటున్నారో అర్థమయ్యేది కాదు. వీళ్ళు ధైర్యం లేనివాళ్ళని నా కాగితాల్లో రాసుకున్నాను.

తొలకరికి ముందు ఆ గూడెంలో విత్తనాల పండుగ. ఇంటికో దోసెడు చొప్పున విత్తనాలు తెచ్చి ఒకచోట పోశారు. పెద్దాయన మొక్కి, అన్నీ కలిపేసి, తిరిగి ఇంటింటికీ పంచాడు. అది అయ్యేదాకా ఎవరూ నాగలి కట్టరు. నేను వ్యవసాయ డిగ్రీ చదివినవాణ్ణి, ఊరుకోగలనా?

"ముత్తమ్మా, నీ విత్తనం మంచిది. పక్కవాళ్ళది పుచ్చు. కలిపితే నీకే గదా నష్టం?"

"అవ్, నష్టమే" అంది, ఆ మాత్రం తనకు తెలియనట్టు చెప్తున్నందుకు చిరాగ్గా. "మొలవకుంటే అందరికి మొలవదు. మళ్ళ ఏస్తం. ఒక్కని చేన్లనే మొలవకుంటే వాడేం పాపం జేసిండో అంటరు. ఒక్కని చేన్లనే మొలిస్తే ఏం మంత్రం పెట్టిండో అంటరు. గప్పుడు ఊరుంటదా సారు?"

తర్వాత గొంతు తగ్గించి, కొడుకు ఫోన్‌లో షేర్లు కొంటున్నాడని, మానిపించమని చెప్పింది. ఆ టీచర్ను అడిగితే తన స్కూల్లో అందరూ కొన్న షేరే తనూ కొన్నానన్నాడు.

తిరిగి వస్తూ వాగు ఒడ్డున బండి ఆపాను. చేపల పులుసు తింటూ నవ్విన ఆ ఇద్దరూ కళ్ళ ముందు మెదిలారు. వాళ్ళు మిర్చి ధరను కాపలా కాయలేదు. ఒకడు మిగిలి, ఒకడు పోయే రోజు రాకుండా కాపలా కాశారు. అందుకోసం డబ్బు పోయినా ఫరవాలేదనుకున్నారు. మనవాళ్ళకు నష్టమంటే భయమని ఎవరైనా చెప్తే నమ్మకండి. నష్టాన్ని ఎంతైనా మింగుతారు. ఇంట్లో ఒకడు గెలిచి ఇంకొకడు ఓడితే తట్టుకోలేరు. ఇది మంచిదని నేననను, దీనివల్ల బాగుపడాల్సినవాళ్ళు ఎంతోమంది బాగుపడలేదు. అయితే అది తెలియకుండా సలహా ఇచ్చేవాడు నాలా కొంపలు కూలుస్తాడు.

రాఖీ ఆదివారం

కొద్దిరోజులకు పాత బ్రాంచి క్లర్కు, ఏన్కూరు కుర్రాడు, ఫోన్ చేశాడు.

"సార్, జెండాపాట మస్తు పలుకుతున్నది. సుబ్బారావు గారు ఎవ్వరికి చెప్పకుండ అమ్ముకున్నడు. వెంకటేశ్వర్లు మాత్రం ఒక్క బస్తా కదిలిస్త లేడు. ఆయనకు పిచ్చి లేసిందంటున్నరు."

పాత రోగం, వెంటనే వెంకటేశ్వర్లుకు ఫోన్ చేశాను. ఇంతకు మించి ధర రాదు, అమ్మేయండి అన్నాను.

"బావ అమ్మిండు సార్."

"మరి మీరూ అమ్మండి. మీ పద్ధతి అదే గదా?"

"గందుకే నేనమ్మను. పోయినేడు ఆయన ఎంత పోగొట్టుకున్నడో నేను గూడ గంత పోగొట్టుకోవాలె. మీకు సమజ్ గాదు, ఫోన్ పెట్టుండ్రి."

సమజ్ అయింది. అందుకే మారు మాట్లాడకుండా పెట్టేశాను. పెట్టాక నష్టం లెక్క వేసుకున్నాను. అది పదహారెకరాల పంట.

ధర విరిగింది. జూలైలో ఇంకా కిందికి పోయింది. ఆ ఏడు రాఖీ ఆదివారం పడింది. నేను భద్రాచలంలో తెల్లవారుజామున బస్సెక్కి వెంకటేశ్వర్లు ఇంటికి వెళ్ళాను. క్షమాపణ అడగాలని బయల్దేరాను, గుమ్మం దాకా వచ్చాక బస్సు ఆలస్యం గురించి మాట్లాడాను. అతను కుర్చీ చూపించి తను అరుగు మీద కూర్చున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పదయింది, పదకొండయింది. ఆటో చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసి, నేను చూస్తున్నానని మళ్ళీ దించుకునేవాడు.

పన్నెండు దాటాక కమలమ్మ దిగింది. ఒక్కతే. ఏడాది కిందటి సంగతి ఏమీ ఎత్తలేదు. తమ్ముడి చేతికి రాఖీ కట్టి, నోట్లో ఇంత మిఠాయి కుక్కి, "చిక్కినవేందిరా" అంది. వాడు ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాడు, నలభై ఐదేళ్ళవాడు.

ఇంకో అరగంటకు సుబ్బారావు మోటారు సైకిల్ వచ్చి వాకిట్లో ఆగింది. ఆయన దిగలేదు. బండి మీదే కూర్చుని అడిగాడు.

"ఎన్ని బస్తాలున్నయిరా?"

వెంకటేశ్వర్లు లేచి నిలబడ్డాడు. "అన్ని ఉన్నయి బావ."

"ఒక్కటి గూడ అమ్మలే?"

"అమ్మలే."

ఆయన స్టాండు వేసి దిగాడు.

"పిచ్చోడివిరా నువ్వు" అన్నాడు. చెప్పులు విడిచి లోపలికి వస్తూ, "కమలా, అన్నం పెట్టు. రేపు పొద్దున ఇద్దరం పోయి అమ్ముకొస్తం" అన్నాడు.

కమలమ్మ ఇద్దరికీ పక్కపక్కనే పీటలు వేసింది. కంచాలు పెట్టి, నా వైపు తిరిగి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని చెప్పింది.

"సార్, మీరు గూడ రాండ్రి. తినుండ్రి. మిర్చి మాట మాత్రం ఎత్తొద్దు."

ఎత్తలేదు. తిని, చెయ్యి కడుక్కుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాను.